దొర ఇచ్చిన ఖోలీ

"ఆ కాగితాన్ని గోడ మీది నుంచి దించకు. మనకేమన్నయితది," అన్నాను మా ఆయనతో.

చంద్రయ్య నవ్వాడు. "నీకు నల్లా రాకున్నా భయమే, వచ్చినా భయమే."

అది పందొమ్మిది వందల ఎనభై నాలుగు. బొంబాయి కామాటిపురాలో మేముండే చాల్‌ని, వరస గదుల మేడని, కొన్న కొత్త మాలిక్ నోటీసు పంపాడు. పాత కిరాయిదారులమని రుజువు చూపాలి, లేదా మా ఒంటిగది ఖోలీ ఖాళీ చేయాలి. మా రుజువు ఆ అద్దాల పటం ఒక్కటే. చంద్రయ్య ముత్తాత రాజమల్లు మేస్త్రికి ఈ ఖోలీ ఇస్తూ హాల్డెన్ దొర ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితం అందులో ఉంది. దసరాకు తాపీతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టేవాళ్లం. దొర కాబూలు యుద్ధంలో కెప్టెన్ అనీ, ప్లేగు వచ్చిన ఏడు ఈ వాడకు అధికారి అయ్యాడనీ, ఆ పనికి మెచ్చి సర్కారు ఆయన్ని కలెక్టరును చేసిందనీ మా అత్త లక్ష్మవ్వ గొప్పగా చెప్పేది. కాగితం చదివినవాళ్లు మాత్రం ఇంట్లో లేరు.

ఆ రోజు దాన్ని వకీలుకు చూపాలి. సాక్ష్యం చెప్పడానికి పై అంతస్తు ఎల్లయ్య కూడా వకీలు దగ్గరికి వస్తానన్నాడు. అప్పటికే వీధిలోకి దిగి, కింద నుంచి కేకేశాడు. "ఏం చంద్రన్నా, దొరకు తానం జేపిస్తున్నవా? జల్దీ రా!"

పదో తరగతి చదివే మా రత్న పటం విప్పి, కాగితం చదవసాగింది. సగంలో గొంతు తగ్గించింది.

"అమ్మా, పటాలంల నేర్చిన ఉపాయమే ఈడ పనికొచ్చిందని రాసిండు దొర. లోపలోడు ఒక్కడు దొరికితే చాలంట. రోగమొచ్చినోళ్లను ఎవరింట్ల దాచిండ్రో ముత్తాతనే చెప్పిండంట. వాళ్లను ప్లేగు క్యాంపుకు తోలి, అందుల ఒకామె ఖోలీ ముత్తాతకు ఇనామిచ్చిండ్రు. కిష్టమ్మ అని ఉన్నది పేరు."

కిష్టమ్మ ఎల్లయ్యకు ముత్తవ్వ. క్యాంపు నుంచి తిరిగి రాలేదు. ఏ రోజు పోయిందో తెలియక, పెద్దలందరికీ పెట్టే పెత్తరమాస నాడు ఆమె పేర బియ్యం ఇస్తుంటారు వాళ్లు.

వకీలు ప్రతి మాటా పైకి చదువుతాడు. పక్కనే ఎల్లయ్య ఉంటాడు. కాగితం చూపకపోతే మా సామాను రోడ్డు మీదే.

చంద్రయ్య ఖాళీ పటాన్ని మంచం మీద బోర్లించాడు. నేను అత్త వైపు తిరిగాను.

"అత్తా, ఇది నీకు ఎరుకనా?"

లక్ష్మవ్వ గోంగూర తుంచుతూనే ఉంది. కట్ట అయిపోయింది. ఇంకో కట్ట విప్పింది. మెట్ల మీద ఎల్లయ్య చెప్పుల చప్పుడు పైకి వస్తోంది. రత్న కాగితాన్ని వీపు వెనక దాచింది. మా అత్త తల ఎత్తలేదు.

"నా లగ్గమయిన కాన్నుంచి ఎరుకనే," అంది చివరికి. "ఎల్లయ్యను రావద్దని చెప్పు. కాగితం పట్టుకపో."