గోడ మీద వెర్నా ఫోటో

రాష్ట్ర విశ్వవిద్యాలయానికి నూట యాభై ఏళ్లు నిండుతున్నాయని, అన్ని క్యాంపస్‌ల నుంచీ పేరు తెచ్చుకున్న పూర్వ విద్యార్థుల ఫోటోలు గోడకు ఎక్కిస్తున్నారని, అందులో తనదీ ఉందని తెలిసి వెర్నా లిండ్‌క్విస్ట్‌కు ఒళ్లు మండింది. ఇంకొక్క సెమిస్టర్‌లో చదువు పూర్తవుతుందనగా తనను బయటికి గెంటింది వాళ్లే. నర్సింగ్ విభాగం మూసేస్తుంటే విశ్వవిద్యాలయ అధ్యక్షుడి గది ముందు బైఠాయించినందుకు. తర్వాత ఆమె ముసలివాళ్లను ఇళ్లలో కనిపెట్టుకుని ఉండే ఆడవాళ్లందరినీ కూడగట్టి సంఘం కట్టింది. రాష్ట్రమంతా పేరొచ్చింది. డిగ్రీ మాత్రం రాలేదు.

పూర్వ విద్యార్థుల ఆఫీసులో బ్రెంట్ అనే అధికారి కాఫీ ఇచ్చి మరీ కూర్చోబెట్టాడు.

"మీరు మా గర్వకారణం మేడమ్."

"అయితే నా డిగ్రీ ఇవ్వండి."

"అది రిజిస్ట్రార్ చూడాలి మేడమ్."

రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకావిడ కంప్యూటర్లో చాలాసేపు వెతికింది. "అప్పటి కోర్సులు ఇప్పుడు లేవండీ. కావాలంటే మొదటి ఏడాదిలో చేరండి. మీ వయసు వాళ్లకి ఫీజు కూడా ఉండదు."

వెర్నా మళ్లీ బ్రెంట్ దగ్గరికే వచ్చింది. "పోనీ, ఫోటో కింద 'ఈమెను మేమే వెళ్లగొట్టాం' అని రాయండి."

"ఉత్సవం కదా మేడమ్... బాగోదేమో. అయినా కమిటీకి చెప్తాను."

కమిటీ నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఉత్సవానికి ఆమెను కారులో తీసుకెళ్లింది ఒట్టిలీ. ఆనాడు పక్కనే బైఠాయించిన స్నేహితురాలు. మర్నాడే క్షమాపణ చెప్పి చదువు పూర్తిచేసుకుంది.

"నాలాగా ఒక్క మాట అనేసుంటే పోయేది కదే."

"నీ ఫోటో పెట్టారా?"

"నన్నెవడు అడుగుతాడు?"

"మరి నోర్మూసుకుని నడుపు."

వేదిక మీదికి పిలిచినప్పుడు వెర్నా మైకు అందుకుంది. "నేనిక్కడ పట్టా పుచ్చుకోలేదు. నన్ను గెంటేశారు." హాలంతా గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. "జోకు కాదయ్యా, నిజం!" అంది. చప్పట్లు ఇంకా జోరందుకున్నాయి. ఎవరో లేచి నిలబడ్డారు. వాళ్లను చూసి అందరూ లేచారు. కొత్త అధ్యక్షుడు నవ్వుతూ పూలగుత్తి చేతిలో పెట్టాడు.

వాళ్లు తిట్టుంటే తిరిగి తిట్టేది. ఈ చప్పట్లను ఏం చేయాలో ఆమెకు తోచలేదు. కిందికి దిగి గోడ దగ్గరికెళ్లి, తన ఫోటోను కొక్కెం నుంచి తీసి చంకన పెట్టుకుంది. కాపలావాడు తలుపు తీసి పట్టుకున్నాడు. "బరువేమో, కారు దాకా నేను తెచ్చిపెట్టనా అమ్మా?"

వారం తిరక్కుండా ఒట్టిలీ ఫోన్ చేసింది. "ఇంకో కాపీ పెట్టారే. ఈసారి పెద్దది. అందకుండా పైన బిగించారు."

"కింద ఏం రాశారు?"

"'ఇక్కడ చదివారు' అని."

వెర్నా ఫోన్ పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి, మొదటి ఏడాదిలో చేరే దరఖాస్తు పట్టుకుని, మళ్లీ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు వరుసలో నిలబడింది.