పది గిగాబిట్ల అల్లుడుగారు

మా ఆఫీసులో పొద్దున్నే ఫైలు తెరవాలంటే నాలుగు నిమిషాలు పట్టేది. బట్టల మీద అచ్చువేసే డిజైన్లు గీయడం మా పని. పువ్వులు, తీగలు, గళ్ళు, చారలు, ఏదైనా సరే, ఒక్కో రంగును ఒక్కో పొరగా విడదీసి వెనక వీధిలోని అచ్చు కర్మాగారానికి పంపుతాం. ఫైళ్ళన్నీ మెట్ల కింది గదిలోని సర్వర్లో ఉంటాయి. పద్నాలుగు మందిమి తొమ్మిదింటికి కుర్చీల్లో కూర్చుని, ఒకేసారి ఫైళ్ళు తెరిచి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండేవాళ్ళం.

ఆ కంప్యూటర్లు తొమ్మిదేళ్ళ నాటివి. అన్నేళ్ళు వాటి ప్రాణం నిలబెట్టింది మా వదిన. మా అన్నయ్య భార్య. మరమ్మతులన్నీ పదకొండేళ్ళుగా ఆవిడే చూస్తోంది. నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆవిడే. మాట తక్కువ మనిషి. అడిగితే చెబుతుంది, అడక్కపోతే స్క్రూడ్రైవర్ పట్టుకుని తన పని తాను చూసుకుంటుంది. గట్టిగా మాట్లాడేవాళ్ళకే తెలివుందని నమ్మే చోట ఇలాంటి మనిషి పదకొండేళ్ళు నెగ్గుకురావడం గొప్పే.

యజమానిని మేమంతా పెద్దాయన అంటాం. మోకాళ్ళ నొప్పులు ముదిరి మేడ మీదినుంచి దిగడం మానేశాక, ఆఫీసును అల్లుడికి అప్పజెప్పారు. అల్లుడుగారికి అంతకుముందు ఏ పనిలో అనుభవం ఉందో మాకెవరికీ తెలియదు. మాట్లాడటంలో మాత్రం దండిగా ఉంది. వచ్చిన మొదటి వారమే తన గది గోడకు తెల్లబోర్డు కొట్టించి, దాని మీద పైకి పోయే బాణం గీశారు. ఆ బాణం దేన్ని చూపిస్తోందో బోర్డు మీద ఎక్కడా రాయలేదు.

రెండో వారం అందరినీ పిలిచి నిలబెట్టారు.

"ఇక ఈ నత్తనడక చాలు. కంప్యూటర్లను సర్వర్‌తో కలిపే నెట్‌వర్క్ కార్డులు కొత్తవి కొంటున్నాం, నెలాఖరుకల్లా ఈ ఆఫీసులో పది గిగాబిట్ల వేగం ఉంటుంది. ఇప్పుడున్నది ఒకటి. పదింతలు. అర్థమవుతోందా?"

అర్థమైనట్టు తలలూపాం. వెనక నిలబడ్డ వదిన చెయ్యెత్తింది.

"కార్డులు కొనేముందు మూడు రోజులు టైమివ్వండి సార్. కంప్యూటర్ పెట్టెలన్నీ విప్పి చూడాలి. మన దగ్గర మూడు రకాల మిషన్లున్నాయి. అన్నిటికీ ఒకే కార్డు పట్టదు."

"కార్డు కొనడానికి పెట్టె ఎందుకమ్మా విప్పడం? కార్డు కార్డే."

భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళాక వదిన ఒక్కో కంప్యూటరే విప్పడం మొదలుపెట్టింది. చేతిలో టార్చి, పక్కన స్కేలు. మూడు రోజుల్లో పద్నాలుగూ చూసేసింది. నాలుగో రోజు తనకోసం ఒక్క కార్డు తెప్పించుకుని, తన మిషన్లోనే పెట్టి రెండు రోజులు నడిపింది. గంటగంటకూ వేలితో తాకి వేడి చూసుకుంది. ఆ తర్వాత ఒకే ఒక్క కాగితం రాసి అల్లుడుగారి బల్ల మీద పెట్టింది.

ఆ కాగితం నేను చదివాను. చదవడం వచ్చిన ఎవరికైనా అర్థమయ్యేలా ఉంది. ఏడు కంప్యూటర్లు సన్నపెట్టెలు. వాటిలో పొట్టి కార్డులే పడతాయి. అయిదు పెద్దపెట్టెలకు కార్డు దూర్చే పొడవాటి స్లాట్ ఒక్కటే ఉంది, అందులో ఇప్పటికే డిస్‌ప్లే కార్డు కూర్చుని ఉంది; మిగిలింది చిన్న స్లాట్, దానిలోంచి పది గిగాబిట్లు పోవు. రెండింటికి మాత్రమే ఖాళీ ఉంది. గోడల్లోని పాత తీగలు రెండున్నర గిగాబిట్లు హాయిగా మోస్తాయి, పదికి నమ్మకం లేదు. కాబట్టి అందరికీ రెండున్నర గిగాబిట్ల చిన్న కార్డులు చాలు. అసలు ఇరుకంతా సర్వర్ దగ్గరుంది. పద్నాలుగు మందీ దూరుతున్నది ఆ ఒక్క గుమ్మంలోంచే. పది గిగాబిట్ల కార్డు కావలసింది దానికొక్కదానికే.

మర్నాటి సమావేశంలో అల్లుడుగారు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఊపారు.

"నేను పది అన్నాను. మేడమ్ రెండున్నర అంటున్నారు. దిండు గలేబుకి గుడ్డ కొలుస్తున్నామా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాగితం చదివి, ప్రతి ముక్కా నిజమని తెలిసి మరీ నవ్వాను. కొత్త యజమాని జోకేసినప్పుడు మొహం ఎలా పెట్టాలో నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. వదిన నావైపు ఒక్కసారి చూసి, కిటికీవైపు తిరిగింది.

పది రోజులకు పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో పద్నాలుగు కార్డులు. ఎక్కడో పాత సర్వర్లలోంచి పీకినవి. ఒక్కోదాని మీద వేడిని లాగే అరచేతంత అల్యూమినియం దిమ్మె ఉంది. ఆ దిమ్మె ఎందుకుందో అల్లుడుగారు ఆలోచించలేదు. బరువుగా ఉంది కాబట్టి నాణ్యమైనదన్నారు. కార్డు చేత్తో పట్టుకుని ఫొటో తీయించుకున్నారు, తలకిందులుగా పట్టుకుని.

వదినకు పని అప్పజెబుతారేమో అనుకున్నాం. కాదు. బయటినుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన టై కట్టుకుని వచ్చి, మొదటి సన్నపెట్టె విప్పి, కార్డు లోపల పెట్టబోయాడు. కార్డుకు చివరనుండే రేకు పెట్టెకంటే రెండు వేళ్ళు పొడుగ్గా ఉంది. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. అల్లుడుగారివైపు చూశాడు.

"రేకు తీసేస్తే పడుతుంది సార్."

"తీసెయ్యండి మరి. రేకులోంచి డేటా పోతుందా ఏంటి?"

అలా ఏడు కార్డుల రేకులూ ఊడాయి. రేకుంటేనే కార్డును పెట్టెకు బిగించే స్క్రూ పడుతుంది. అది లేక అవి స్లాట్లలో ఊగిసలాడుతూ నిలబడ్డాయి. అయిదు పెద్దపెట్టెల్లో డిస్‌ప్లే కార్డులు పీకి, ఆ చోట వీటిని దిగేశారు. దాంతో అయిదుగురికి రెండు తెరలు పోయి ఒక్కటి మిగిలింది. ఉన్న ఒక్క దాంట్లోనూ ఎరుపు ఇటుకరంగులో కనబడింది. మేం రంగులమ్ముకుని బతికేవాళ్ళం.

రంగుల పెద్దమ్మ ఇది చూసి లేచి నిలబడింది. మా అందరికంటే పెద్దది, అరవై దాటిన మనిషి. ఏ రంగుకు ఏ రంగు కలపాలో చెప్పాల్సింది ఆవిడే.

"బాబూ, నా డిస్‌ప్లే కార్డు నాకిచ్చెయ్. నాకు వేగం వద్దు. ఎరుపు ఎర్రగా కనబడితే చాలు."

"అలవాటు పడతారండీ" అన్నారు అల్లుడుగారు.

వదిన దూరంగా తన బల్ల దగ్గర్నుంచి ఒక్క మాటంది. "సార్, ఆ కార్డులు ఫ్యాన్ల హోరులో ఉండాల్సినవి. సన్నపెట్టెల్లో గాలాడదు. కాలిపోతాయి."

"మీ పద్ధతిలో జరగలేదని బాధగా ఉన్నట్టుంది" అన్నారాయన. ఈసారి నవ్వింది నిపుణుడొక్కడే.

మర్నాడు తొమ్మిదింటికి అందరం కూర్చున్నాం. అల్లుడుగారు ఫోనులో గడియారం పెట్టుకుని నా వెనక నిలబడ్డారు. ఫైలు నొక్కాను. ఒక నిమిషం. రెండు. మూడు. నాలుగో నిమిషం నిండాక ఫైలు తెరుచుకుంది. ఆయన గడియారాన్ని ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, పక్కవాడి దగ్గరికి వెళ్ళారు. అక్కడా నాలుగే.

కారణం కనిపెట్టడానికి నిపుణుడికి మధ్యాహ్నం దాకా పట్టింది. పద్నాలుగు మందికి పద్నాలుగు కార్డులు కొన్నారు. సర్వర్‌కి కొనలేదు. అది పాత ఒక్క గిగాబిట్ మీదే, మెట్ల కింద, ఎప్పటిలాగే తన పని చేసుకుంటోంది. ఆ సంగతి బయటపడ్డాక అల్లుడుగారు నిపుణుడి మీద విరుచుకుపడ్డారు. నిపుణుడు, ఆర్డరులో సర్వర్ అనే మాటే లేదని చూపించి, టై సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఫోనెత్తలేదు.

మూడో రోజునుంచి సన్నపెట్టెలు ఒకటొకటిగా ఆగిపోవడం మొదలైంది. గంట నడిచి, కమురువాసన కొట్టి, టక్కున ఆరిపోయేవి. చల్లారాక లేచేవి, మళ్ళీ పడేవి. అల్లుడుగారు కరెంటువాళ్ళను తిట్టారు. తర్వాత దుమ్మును తిట్టారు. తర్వాత, కంప్యూటర్లను మేం సరిగ్గా వాడటంలేదన్నారు.

అయిదో రోజు నా కుర్చీ చక్రం, కిటికీ పక్కనుండే సన్నపెట్టె తీగను లాగింది. ఆ బల్ల రంగుల పెద్దమ్మది. ఎరుపు కోసం ఆవిడ పోట్లాడి పోట్లాడి, పెద్దపెట్టె వదిలేసి, ఎరుపు ఎర్రగానే కనబడే ఆ సన్నపెట్టెకు తన డిస్కుతో సహా మారింది. బిగింపులేని కార్డు స్లాట్లో పక్కకు ఒరిగింది. లోపల చిటుక్కుమంది. తెర నల్లబడింది. పెద్దమ్మ బటన్ నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"నాలుగు నెలల పని దీన్లోనే ఉంది" అంది మెల్లగా. సర్వర్ నెమ్మదని ఆవిడ తన డిజైన్లను సొంత డిస్కులోనే దాచుకునేది. తప్పే. కానీ ఆ తప్పు ఎందుకు చేసిందో అందరికీ తెలుసు.

వదిన అప్పటికే వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె మూత తీసింది. లోపలి మదర్‌బోర్డు మీద గోరంత నల్లమచ్చ ఉంది. వదిన దాన్ని చూసి పెదవి విరిచి, డిస్కును విప్పి, రెండు చేతులతో తీసుకెళ్ళి తన మిషన్‌కు తగిలించింది. పావుగంట అందరం ఆవిడ బల్ల చుట్టూ మూగాం. తర్వాత తెర మీద ఫైళ్ళ పేర్లు వరసగా వచ్చాయి. పెద్దమ్మ ఒక్కో పేరూ వేలితో చూపిస్తూ లెక్కపెట్టుకుంది. అన్నీ ఉన్నాయి. బోర్డు మాత్రం పోయింది.

ఈ గొడవకు పెద్దాయన కర్ర పట్టుకుని మెట్లు దిగొచ్చారు. దిగడానికే పది నిమిషాలు పట్టింది. అల్లుడుగారు ముందే అందుకున్నారు.

"ఈవిడకి అన్నీ తెలుసు మావయ్యా. ముందే చెప్పుంటే ఇలా అయ్యేదా?"

"చెప్పలేదా అమ్మా?" అన్నారు పెద్దాయన.

"రాసిచ్చాను. సమావేశంలో అందరికీ ఊపి చూపించారు కూడా, అందరూ నవ్వారు" అంది వదిన.

పెద్దాయన మా మొహాలు చూశారు. నవ్వినవాళ్ళను గుర్తుపట్టడం కష్టమేం కాదు. తలలన్నీ దించుకునే ఉన్నాయి. ఆయన అల్లుణ్ణి ఒక్క మాటా అనలేదు. కూతురి మొహం చూసి వదిలేశారని తర్వాత చెప్పుకున్నారు. "ఎన్ని రోజులు కావాలి?" అని మాత్రం వదిననడిగారు.

"సరుకొచ్చాక రెండు రోజులు. కానీ ఇకముందు ఏ పెట్టెలో ఏం పెట్టాలో నేను చెప్పాకే కొనాలి. అలా అయితేనే చేస్తాను."

"అలాగే" అన్నారాయన.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక వంటింట్లో వదిన పక్కన నిలబడ్డాను.

"ఆ రోజు నేనూ నవ్వాను వదినా."

"చూశాను."

"కోపం రాలేదా?"

"వచ్చింది. ఆయన మీద కాదు. ఆయన తెలియక నవ్వాడు, నువ్వు తెలిసి నవ్వావు." గిన్నె కడిగి బోర్లించింది. "మళ్ళీ అలా చెయ్యకు. ఆ ఉల్లిపాయలు ఇలా అందుకో."

అంతకుమించి ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు. వదిన క్షమించిందో, క్షమించడానికి తీరికలేక వదిలేసిందో నాకిప్పటికీ తెలియదు. అడగడానికి మొహం చెల్లలేదు.

పోయిన బోర్డుకు బదులు కొత్తది, దాంతోపాటు చిన్న కార్డులు వచ్చాయి. సన్నపెట్టెలకు పొట్టి రేకులవి, పెద్దపెట్టెలకు పొడుగు రేకులవి. వదిన ప్రతిదాన్నీ స్క్రూతో బిగించి, తీగను లాగి చూసి, అప్పుడు మూత వేసింది. డిస్‌ప్లే కార్డులు తమ చోటికి వెళ్ళాయి, ఎరుపు మళ్ళీ ఎర్రగా కనబడింది. అల్లుడుగారు కొన్న పద్నాలుగు బరువైన కార్డుల్లో రేకున్న ఒకదాన్ని ఏరి సర్వర్లో పెట్టింది. అక్కడ ఫ్యాన్లున్నాయి, చోటుంది, అది చల్లగా కూర్చుని పనిచేస్తోంది. సోమవారం తొమ్మిదింటికి పద్నాలుగు మందిమీ ఒకేసారి నొక్కాం. నిమిషం దాటి కాస్తయిందో లేదో, అందరి తెరల మీదా పువ్వులు విచ్చుకున్నాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ పనిలో పడ్డారు.

ఆ నెలలో కొనుగోలుదారులు వచ్చినప్పుడు అల్లుడుగారు వాళ్ళను సర్వర్ గదికి తీసుకెళ్ళి, "పది గిగాబిట్లు. నా ఆలోచనే" అని చూపించారు. ఒకరకంగా అబద్ధం కాదు. ఆ గదిలో ఆయన కొన్న కార్డు ఒకటుంది. వదిన పక్కనే ఉండి తీగలు సర్దుకుంటోంది. నేనే పళ్ళు నూరుకున్నాను.

మొన్నొక రోజు ఆయన వదిన బల్ల దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి, "మేడమ్, మా ఇంట్లో కూడా ఓ పాత కంప్యూటర్ ఉందండీ. దానికి ఏ కార్డు మంచిది?" అని అడిగారు.

వదిన తల ఎత్తకుండానే చెప్పింది. "మూత తీసి, లోపల ఏ స్లాట్ ఖాళీగా ఉందో చూసి రండి సార్. చెబుతాను."

సరేనని వెళ్ళారు. మూడు వారాలైంది. ఇంకా చూస్తూనే ఉన్నట్టున్నారు.