నాది కాదు, సార్

నిర్మలాదేవి నడుముకి వేలాడే తాళాలగుత్తి చూస్తే ఎవరైనా ఆవిడే ఆ జైలుకి పెద్ద అధికారి అనుకోవాలి. ఖైదీలుండే ఏ వింగ్‌లోకైనా వెళ్ళొచ్చు, ఏ తలుపైనా తీయొచ్చు, పక్కన ఆఫీసరు లేకుండా ఏ ఖైదీతోనైనా మాట్లాడొచ్చు. అధికారం మాత్రం ఆవగింజంత కూడా లేదు. జైలు సరిగ్గా నడుస్తోందా లేదా అని బయటి మనుషులు వచ్చి చూస్తుండాలని ఈ బ్రిటన్ దేశంలో ఒక చట్టం ఉంది. అలా చూసే బోర్డులో ఆవిడ సభ్యురాలు. చూడాలి, అడగాలి, రాయాలి. జీతం గీతం ఏమీ లేదు. "గంటసేపు కారు నడుపుకుంటూ పోయి ఊరికే చూసి రావడమేమిటే! పెళ్ళికి పోయి వంటలు వాసన చూసొచ్చినట్టుంది నీ వరస" అని వాళ్ళాయన సూర్యప్రకాశరావు స్విండన్‌లో సోఫాలో కూర్చుని వెక్కిరిస్తుంటాడు. అలా అంటూనే, ఆవిడ వెళ్ళే రోజున కారు అద్దం మీద మంచు గీకి పెట్టేదీ ఆయనే.

ప్రతి వింగ్‌లోనూ బోర్డుకి తాళం వేసిన పెట్టె ఒకటి ఉంటుంది. ఖైదీలు తమ కష్టం కాగితం మీద రాసి అందులో వేస్తారు. దుప్పటి చాలడం లేదని ఒకడు, పన్నునొప్పని ఇంకొకడు. ఆ మంగళవారం దొరికిన కాగితం మీద అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. తన పుస్తకాలు స్టోర్‌రూములో ఉండిపోయాయట, డిసర్టేషన్ రాసుకోవాలి, దయచేసి ఇప్పించగలరా అని. కింద పేరు చక్రి. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఉసూరుమంది. తెలుగు పిల్లాడు, ఇక్కడ! వెంటనే అతని గదికి పోయింది.

ఇరవై నాలుగేళ్ళ వాడు. కార్డిఫ్‌లో ఎమ్మెస్సీ చదువుతూ, సాయంత్రాలు స్నేహితుడి స్కూటర్ మీద టేకవే పార్శిళ్ళు అందించేవాడు. ఒకరోజు వానలో బండి జారి ఒక పెద్దాయన మీదికి పోయింది. ఆయన కాలు విరిగింది. బండికి ఇన్సూరెన్స్ లేదు. ఎనిమిది నెలల శిక్ష పడింది. అందులో లోపల ఉండాల్సిన కాలం దాదాపు అయిపోవచ్చింది, ఇంక పదకొండు రోజుల్లో విడుదల. నెలాఖరులోపు స్వయంగా వచ్చి డిసర్టేషన్ ఇస్తేనే డిగ్రీ, లేకపోతే లేదని యూనివర్సిటీ ఆఖరిమాట చెప్పేసింది.

"ఏ ఊరు నాయనా మీది?"

"నెల్లూరు వైపు ఆంటీ."

"అరె, మాదీ నెల్లూరే! నెల్లూరులో ఎక్కడ?"

చక్రి నేల చూశాడు. "సెటిల్మెంటు ఆంటీ."

ఆ మాటకి నిర్మలాదేవి ముఖం ఒక్క క్షణం మారింది. ఆ మార్పు కుర్రాడు చూశాడు కూడా. ఇంగ్లీషువాళ్ళు మనల్ని ఏలిన రోజుల్లో కొన్ని తెగల మీద పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసి, చట్టం చేసి, ఊరవతల కాపలా పెట్టి ఉంచిన చోట్లకి ఆ పేరు. ఎరుకల వాళ్ళని అలాగే పెట్టారు. రాత్రిళ్ళు మగవాళ్ళంతా పోలీసు స్టేషనుకి పోయి హాజరు వేయించుకోవాలి. "సెటిల్మెంటోళ్ళు తిరుగుతున్నారు, గొళ్ళెం పెట్టండే" అని వాళ్ళ నాయనమ్మ అరవడం నిర్మలాదేవికి బాగా గుర్తు. గొళ్ళెం పెట్టింది కూడా తనే. ఆ సంగతి ఈ పిల్లాడికి ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

"పుస్తకాలు ఇప్పిస్తే చాలు ఆంటీ. సోమవారం ఫోను కేసు ఉండాది, జడ్జిగారు వస్తారంట. అది అయిపోతే రాసుకోవడమే."

"ఫోను కేసేమిటి?"

అతను పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పాడు. గది సోదా చేసినప్పుడు నీళ్ళ గొట్టం వెనక ఒక ఫోన్ దొరికింది. జైల్లో ఫోన్ దగ్గరుంటే పెద్ద నేరం. ఎవరిదని ఆఫీసరు అడిగాడు. గదిలో ఉన్న రెండోవాడు గోడ వైపు తిరిగాడు. చక్రి, "నాదే సార్" అన్నాడు.

"నీదేనా?"

"కాదాంటీ. నాకెందుకది?"

"మరి నీదని ఎందుకు చెప్పావురా, బుద్ధి ఉందా?" నిర్మలాదేవికి ఒళ్ళు మండిపోయింది.

"యూనిఫాం వేసుకున్నాయన అడిగాడు గదా ఆంటీ." చక్రి నవ్వబోయి మానుకున్నాడు. "మా తాత చెప్పేవాడు. కాదంటే వారం ఉంచుకుంటారు, ఔనంటే సాయంత్రానికి పంపేస్తారు అని. చట్టం పోయింది గానీ ఎస్సైలు పోలా గదా. ఊళ్ళో ఎవురి కోడి పోయినా మా తాతనే పట్టకపోయేవాళ్ళు. మా నాయన్నీ అంతే. మా ఇంట్లో పిల్లకాయలకి అన్నం కలుపుకోవడం ఎట్టా నేర్పిస్తారో ఇదీ అట్టానే నేర్పిస్తారు."

"ఇది నెల్లూరు కాదు నాయనా. ఇక్కడ ఔనంటే పంపరు, ఉంచుతారు. నలభై రోజుల దాకా పొడిగిస్తారు. నీ డిగ్రీ గంగలో కలుస్తుంది."

చక్రి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. ఈ లెక్క అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, కాగితం మీద. యూనిఫాం వాళ్ళు ఇచ్చిన కాగితం చదవకుండా సంతకం పెట్టడమూ వాళ్ళింటి విద్యేనేమో.

ఖైదీలకి సలహాలు ఇవ్వకూడదని బోర్డు నియమం. ఆవిడ ఇచ్చింది. లాయరు కావాలని అడగమంది. "నాది కాదు, సార్" అని ఇంగ్లీషులో మూడుసార్లు, నాలుగుసార్లు అనిపించింది. బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు తడుముకోకుండా అన్నాడు. ఆ తర్వాత ఆవిడ నేరుగా జైలుకి పెద్ద అయిన గవర్నర్ దగ్గరికి పోయింది. ఆయన టీ ఇచ్చి, చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. "ఆ మాట అతనే జడ్జిగారికి చెప్పుకోవచ్చు మేడమ్. ఒప్పుకున్నదాన్ని మేము కాదనలేం. మీరు వచ్చి విచారణ చూడొచ్చు" అన్నాడు. మర్యాద మనిషి, చెప్పినదాంట్లో ఒక్క పొల్లు లేదు. పుస్తకాలు కూడా ఆ సాయంత్రమే ఇప్పించాడు.

సోమవారం చిన్న గదిలో విచారణ. జడ్జి బయటి నుంచి వచ్చిన తెల్లజుట్టు పెద్దమనిషి. చక్రికి చెరో పక్కన ఇద్దరు ఆఫీసర్లు. చూసేవాళ్ళ కుర్చీ అతని వెనక, గోడవారన. నిర్మలాదేవికి అతని మెడ తప్ప మొహం కనిపించదు, అతనికి ఆవిడ అసలే కనిపించదు.

కూర్చోమన్నారు. చక్రి కూర్చోలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండోసారి అంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

నీ పేరు ఇదేనా? ఎస్ సార్. ఆరోపణ అర్థమైందా? ఎస్ సార్. కాగితాలు అందాయా? ఎస్ సార్.

ఆ ఎస్ సార్లు మెట్ల మీద నుంచి దొర్లుతున్న చెంబులా ఆగేటట్టు లేవు. లాయరు కావాలా అని జడ్జి అడిగాడు. నో సార్. తెలుగు దుబాసీ కావాలా? నో సార్. ఓరి నీ అమ్మ కడుపు కాలా, ఆ ఒక్కదానికైనా ఔననరా! ఆవిడ గట్టిగా దగ్గింది. అతను తిరిగి చూడాలని మళ్ళీ దగ్గింది. ఎడమపక్క ఆఫీసరు పాపం లేచి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి చేతిలో పెట్టాడు. నోరు విప్పితే గదిలోంచి లేచి పోవాలి. చూడడానికి వచ్చిన మనిషి చూడాలంతే.

నేరం ఒప్పుకుంటున్నావా, లేదా?

చక్రి మెడ ఒక్కసారి బిగిసింది. ఏదో గొంతుదాకా వచ్చినట్టే ఉంది. కుడిపక్క ఆఫీసరు కుర్చీలో సర్దుకున్నాడు, బెల్టుకున్న గొలుసు గలగలమంది.

"గిల్టీ, సార్."

జడ్జి కళ్ళజోడు తీశాడు. ఎవరైనా బెదిరించారా అని అడిగాడు. నిజంగా ఆ ఫోన్ నీదేనా అని కూడా అడిగాడు, తొందరేమీ లేదు, ఆలోచించుకో అన్నాడు. ఇంతకంటే ఏ జడ్జి అడుగుతాడు? నాదే సార్, అన్నాడు చక్రి. వెంటనే ఒప్పుకున్నందుకు కొంత తగ్గించి ముప్ఫై రోజులు పొడిగించారు.

వరండాలో అతన్ని వింగ్‌కి తీసుకెళ్ళే ముందు ఆఫీసర్లు ఆవిడకి రెండు నిమిషాలు వదిలారు. చక్రి చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. మొహం మాత్రం తేటపడి ఉంది, జ్వరం దిగినవాడిలా.

"ఆంటీ, చూశారా?" అన్నాడు మెల్లగా. "ఒక్క దెబ్బ కూడా వెయ్యలా. గదిలోకి పోయేటప్పుడు నా కాళ్ళు ఎట్టా వణికాయో. పోనీలెండి. మంచోళ్ళు ఆంటీ ఈళ్ళు."

అతన్ని తీసుకెళ్ళారు. ఇనపతలుపు మూసుకుంది. ఆ తలుపు తాళంచెవి నిర్మలాదేవి నడుముకే ఉంది.

బోర్డు గదిలో కూర్చుని ఆవిడ విచారణ ఫారం తీసింది. ఖైదీకి లాయరు అవకాశం ఇచ్చారా? దుబాసీ అవకాశం ఇచ్చారా? మర్యాదగా మాట్లాడారా? బలవంతం ఏమైనా కనిపించిందా? ఒక్కొక్కటీ చదివి, ఎక్కడైనా ఒక్కచోటైనా తప్పు పట్టగలనా అని వెతికింది. దొరకలేదు. అన్నిటికీ టిక్కు పెట్టి, కింద సంతకం చేసింది. రాసినదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు, అందుకే ఆవిడకి ఏడుపు ఆగలేదు.