వాక్యం సరిగ్గానే ఉంది

లాండ్రీలో అందరూ ఆమెను పాముచెవి అనేవారు. ఆ పేరు పెట్టింది సొంత వదినే. పక్కగదిలో మొగుడూ పెళ్లాం ఎంత గుసగుసగా మాట్లాడుకున్నా మర్నాడు ఆడపడుచు నోట ఆ సంగతి వచ్చేస్తుందని ఆవిడ ఫిర్యాదు. ఇంట్లో పెట్టిన పేరును లాండ్రీ దాకా మోసుకొచ్చింది కూడా ఆవిడే.

ఇద్దరూ పనిచేసేది ఒకేచోట. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు రోజుకు రెండు వేలు ఉతికే పెద్ద లాండ్రీ అది. వదిన రోలర్ మిషన్ మీద ఉండేది. ఆవిరితో కాగే రెండు ఇనుప రోలర్ల మధ్యకు తడి దుప్పటి అంచు అందిస్తే, అవతలికి ఆరిపోయి, ఒక్క ముడత లేకుండా వస్తుంది. పాముచెవి అరగంట ముందే వచ్చి, ముందురోజు మిగిలిన తడి దుప్పట్లను తోపుడుబళ్లలో పేర్చి రోలర్ దగ్గర సిద్ధంగా పెట్టాలి.

ఆ అరగంటలోనే ఒకరోజు ఆమెకు చప్పుడు వినబడింది. బాయిలర్ మనిషి ఆవిరి వదలగానే, రోలర్ మీదుగా పోయే గొట్టం మలుపులో సన్నటి ఈల. పళ్ల సందున గాలి పీల్చినట్టు. ఎనిమిదింటికి డ్రయర్లు తిరగడం మొదలైతే పక్కమనిషి మాటే వినబడదు. ఇక ఆ ఈల ఎవరికి వినబడుతుంది?

"వదినా, నీ నెత్తిమీద గొట్టం కూస్తోంది," అంది మధ్యాహ్నం భోజనాల దగ్గర.

"నాకు వినబడితేగా. పదకొండేళ్లుగా ఆ డ్రయర్ల పక్కన ఉన్నాను, నా చెవులు ఎప్పుడో రిటైరయ్యాయి," అంది వదిన. "నీకు వినబడిందంటే ఉండే ఉంటుంది. పుస్తకంలో రాయించు."

మిషన్ల లోపాలు రాసే పుస్తకం ఒకటి ఉంది. అది ఇంగ్లీషులోనే రాయాలి కాబట్టి సూపర్‌వైజరమ్మ రాసేది. మొదటిసారి రాయిస్తే ఇంజనీరు పదకొండింటికి వచ్చాడు. డ్రయర్ల హోరులో నిలబడి, మెడ ఎత్తి గొట్టం కేసి చూసి వెళ్లిపోయాడు. రెండోసారీ అంతే. మూడోసారి మనిషి రాలేదు, జవాబు మాత్రం వచ్చింది. సూపర్‌వైజరమ్మ దాన్ని కూడబలుక్కుంటూ చదివింది. "ద నాయిస్ ఈజ్ ఎ ఫిగ్మెంట్ ఆఫ్ ద వర్కర్స్ ఇమాజినేషన్."

"అంటే ఏంటమ్మా?"

"ఏమో మరి. తిట్టులాగే ఉంది."

పాముచెవి ఆదివారం పొద్దున్న ఇంగ్లీషు మాస్టారి దగ్గరికి వెళ్లేది. సూపర్‌వైజరమ్మ రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఆ పని కావాలంటే ఇంగ్లీషులో పరీక్ష రాయాలి. ఆమె ఆ మాటను కాగితం మీద రాసుకెళ్లి మాస్టారికి చూపించింది.

"ఫిగ్మెంట్ అంటే మనసు కల్పించుకున్నది," అన్నారు మాస్టారు. "పొరబడటం వేరు. తాడును చూసి పామనుకుంటే పొరపాటు, అక్కడ తాడైనా ఉంది. ఇది అలా కాదు. అక్కడ ఏమీ ఉండదు, అంతా తల్లోంచే పుడుతుంది. ముందు 'ఎ' పెట్టాలి, వెనక 'ఆఫ్' పెట్టి ఎవరి ఊహో చెప్పాలి. ఏదీ, ఒక వాక్యం రాయి."

మంచం కింది దెయ్యం పిల్లవాడి ఊహలో పుట్టిందే అని ఆమె ఇంగ్లీషులో రాసింది. మాస్టారు బాగుందన్నారు.

"మరి ఉన్నదాన్ని పట్టుకుని అలా రాస్తే తప్పు కాదా, మాస్టారూ?"

"తప్పే. కానీ వ్యాకరణం దాన్ని పట్టుకోలేదమ్మా."

పరీక్షకు ఆరుగురు కూర్చున్నారు. ప్రశ్నలు తయారుచేసింది మేనేజరు, దిద్దేదీ ఆయనే. చివర ఐదు మాటలిచ్చి సొంత వాక్యాలు రాయమన్నాడు. ఐదోది ఫిగ్మెంట్. ఇంజనీరు రాసిన జవాబు అప్పటికే ఆఫీసంతా పాకి, అందరూ చెప్పుకుని నవ్వుకునేదాకా వచ్చింది.

దెయ్యం వాక్యం ఆమెకు నోటికి వచ్చు. రాయబోయి ఆగింది. ఒక్క మనిషి నుంచే ఇన్ని ఫిర్యాదులేమిటని మేనేజరు వారం కిందటే అన్నాడు. ఆ రోజు పొద్దున్న కూడా గొట్టం కూసింది. ఆమె విన్నది. అయినా, ఆవిరి గొట్టంలో చప్పుడు నా ఊహలో పుట్టిందే అని ఇంగ్లీషులో పొందికగా రాసింది. 'ఎ' ఎక్కడుండాలో అక్కడుంది, 'ఆఫ్' ఎక్కడుండాలో అక్కడుంది. మేనేజరు దాని పక్కన ఎర్రసిరాతో టిక్కు పెట్టి 'గుడ్' అని రాశాడు.

అందరిలోకి ఆమెకే ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పింది గానీ ఆ వాక్యం సంగతి చెప్పలేదు.

"అయితే వచ్చే నెల నుంచి మా ఆడపడుచే నాకు ఆఫీసరన్నమాట," అంది వదిన. "లాండ్రీలో ఎన్ని కేకలేసినా పడతాను. ఇంట్లో అంట్లు మాత్రం నీవే." అన్నయ్య నవ్వాడు. పదమూడేళ్ల మేనకోడలు అత్త మెడ చుట్టూ చేతులేసింది.

ఆ తర్వాత ఆమె గొట్టం మాట ఎత్తలేదు. పొద్దున్నే ఈల వినబడితే బళ్లు గట్టిగా తోసేది.

పరీక్ష అయిన పందొమ్మిదో రోజు, డ్రయర్లు మొదలైన కాసేపటికి గొట్టం మలుపు దగ్గర పగిలింది. మిషన్లు తిరుగుతుండగానే గది తెల్లబడిపోయింది. వదిన దుప్పటి అందించడానికి వంగి ఉండటంతో ఆవిరి నేరుగా వీపు మీద, మెడ మీద కొట్టింది.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులు బతికింది. పక్క మీద పరిచిన దుప్పటి అంచున తమ లాండ్రీ గుర్తు చూసి పాముచెవి దాన్ని పరుపు కిందికి మడిచేసింది. నాలుగో రోజు వదినకు కాస్త తెలివి వచ్చింది. బోర్లా పడుకోబెట్టారు కాబట్టి మొహం ఒక పక్కకే తిప్పగలిగేది.

"నువ్వేం అనకపోతే బాగుచేశారనుకున్నానే," అంది.

పాముచెవి ఆవిడ పెదాలకు తడిబట్ట అద్దుతోంది.

"ఈల ఆగిపోయిందిగా?"

"ఆగిపోయింది వదినా."

"మరి అదెలా పగిలిందో," అని కళ్లు మూసుకుంది వదిన.

రెండు నెలలకు విచారణ జరిగింది. అధికారి నడివయసు ఆవిడ, ఏదైనా రెండుసార్లు చదివిగానీ మాట్లాడదు. లోపాల పుస్తకంలో మూడు ఫిర్యాదులున్నాయి. లాండ్రీ తప్పు తేలడానికి అవి చాలుననుకున్నాడు అన్నయ్య. ఇంతలో లాండ్రీ తరఫు వకీలు పరీక్ష కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ చేతిరాత నీదేనా?" అడిగింది అధికారి.

"నాదేనండి."

"ఇందులో రాసింది నిజమేనా?"

"వాక్యం సరిగ్గానే ఉందండి," అంది పాముచెవి. కాగితం కేసి చూసి మళ్లీ మొదలుపెట్టింది. "చప్పుడు ఉన్నదేనండి. ఉద్యోగం ఇస్తారని అలా రాశాను. ఆ రోజు పొద్దున్న కూడా విన్నాను. తర్వాత రోజూ విన్నాను."

వెనక కుర్చీలో అన్నయ్య ఉన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

చాలా ఏళ్లుగా గొట్టం తనిఖీ చేయలేదని తేల్చి ఇంజనీరును తీసేశారు. ఫిర్యాదు చేసిన మనిషే అది ఊహ అని పరీక్ష కాగితంలో రాసిచ్చింది కాబట్టి ప్రమాదం ముందే తెలిసినట్టు రుజువు కాలేదని మేనేజరును వదిలేశారు. సూపర్‌వైజర్ పని తనకొద్దని పాముచెవి కాగితం రాసిచ్చింది. అడ్డుచెప్పినవాళ్లు లేరు.

విచారణ రోజు ఇంటికి వచ్చాక అన్నయ్య ఒకే మాట అడిగాడు. "రోజూ విన్నావా?"

"విన్నాను అన్నయ్యా."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు చాలాసార్లు అనిపించింది. నెల తిరక్కుండా ఆయన తన పనికి దగ్గరని ఊరికి అవతలి వైపు ఇల్లు చూసుకున్నాడు. సామాను ఎక్కిస్తుంటే మేనకోడలు వచ్చి, "నువ్వు రావా అత్తా?" అంది. "నాన్నను అడుగు," అంది ఆమె. ఆ పిల్ల తండ్రి కేసి చూసింది. అడగలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు. "పిల్లకు జ్వరం తగ్గట్లేదు. నిన్నే అడుగుతోంది," అన్నాడు. రమ్మని అనలేదు. ఆమె లాండ్రీలో సెలవు అడిగి బయల్దేరింది.

ఆయన తలుపు తీసి పక్కకు జరిగాడు. ఆమె మేనకోడలి పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మార్చింది, మందు పట్టింది, జావ కాచి తాగించింది. చీకటి పడేవేళకు పిల్లకు చెమట పట్టింది, జ్వరం తగ్గి నిద్రపోయింది. అన్నయ్య పళ్లెంలో అన్నం పెట్టి తెచ్చి, ఆమె ముందు నేల మీద పెట్టాడు. తన పళ్లెం తీసుకుని పక్కగదిలోకి వెళ్లి, అటు తిరిగి తిన్నాడు.