జన్నత్ బీ గదిలో టీవీ

నకిరేకల్ బస్టాండు ఎదురుగా గాజుల దుకాణం నడిపే మెహరాజ్ ఒక పని తలపెట్టిందంటే అది అయిపోయినట్టే. వెనక గదిలో తల్లి జన్నత్ బీ రెండోసారి జారిపడ్డాక, అన్న లియాఖత్ అలీ మహబూబ్‌నగర్ నుంచి కబురు పెట్టాడు, శుక్రవారం వచ్చి అమ్మను తీసుకుపోతానని. అమ్మను పంపడం మెహరాజ్‌కు ఇష్టం లేదు. హైదరాబాదులో మూతపడిన ఒక దుకాణం నుంచి పాత కెమెరా తెప్పించింది. టీవీలు బాగుచేసే ఎల్లేశం దాన్ని తల్లి మంచానికి ఎదురుగా బిగించి, వైరు లాగి, గల్లా పక్కనున్న చిన్న టీవీకి కలిపాడు. ఇక గాజులు తొడుగుతూనే అమ్మను కనిపెట్టుకోవచ్చు.

శుక్రవారం నమాజు చేసుకుని అన్న వచ్చాడు. మెహరాజ్ అతన్ని టీవీ ముందు కూర్చోబెట్టింది. తెరమీద అమ్మ తస్బీ పూసలు తిప్పుతోంది. బాగానే ఉందే అని అతను అంటుండగానే బొమ్మ పోయి తెర నల్లబడింది.

"గిదేనా నీ కాపలా? అమ్మ బట్టలు సర్దు. సాయంత్రం బస్సుకు పోతం."

మెహరాజ్ లోపలికి పరుగెత్తింది. కెమెరా మీద అమ్మ తలకు కప్పుకునే నల్ల ఓఢ్నీ వేలాడుతోంది. తల్లి మంచం మీద కూర్చునే, కర్ర కొసతో దాని అంచులు సరిచేస్తోంది.

పొద్దున పక్కింటి గుర్వమ్మ వచ్చి ఆమెను ఆటపట్టించిందట. గల్లా వెనక అద్దంలో నీ టీవీ బొమ్మ పడుతోంది, పెండ్లాలకు గాజులు తొడిగించే మగవాళ్లంతా నిన్నే చూస్తున్నారని. ఎల్లేశం వచ్చినప్పుడు కూడా వంటింట్లో తలుపు వేసుకున్న మనిషి జన్నత్ బీ. అందుకే దుకాణంలో మగ గొంతు వినబడగానే, అది కొడుకుదని పోల్చుకోకుండానే కప్పేసింది.

వెనకే వచ్చిన లియాఖత్ అలీ నవ్వాపుకుని, ఊరికే లేచి ఎందుకు పడుతున్నావని అడిగాడు. ఆమె కర్ర పక్కన పెట్టింది.

"మీ అబ్బా ఒకనాడు పొద్దుగాల లారీ మీద పోయిండు. పోంగ నేను సూడలే. మల్ల రాలే. దుకాణంల గాజుల సప్పుడు ఆగితే నా పానం ఆగది బేటా. మెహరాజ్ ఉన్నదా లేదా అని లేస్త."

మెహరాజ్ అప్పుడే ఎల్లేశానికి కబురు పంపింది. కెమెరా దుకాణంలోకి, టీవీ తల్లి మంచం దగ్గరికి మారాయి.

"మరి అమ్మను ఎవలు సూస్తరు?" అన్నాడు అన్న.

"అమ్మ నన్ను సూసుకుంట లేవది, భాయి. లేవాల్నంటే కర్రతోని గోడ కొడుతది. నేను పోత."

సాయంత్రం దాకా అతను తల్లి పక్కనే కూర్చుని చూశాడు. బేరాలు తగ్గి గాజుల చప్పుడు ఆగినా ఆమె కదలలేదు. తెరమీద కూతురు చాయ్ తాగుతోంది. ఒక్కసారి మాత్రం గోడ కొట్టింది. మెహరాజ్ ఉరికొస్తే, ఆ మూలకున్నామెకు తొడిగిన గాజులు వదులైనయి, మార్చమంది.

లియాఖత్ అలీ ఒక్కడే సంచి తీసుకుని బయల్దేరాడు. దుకాణం మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, కెమెరాకు ఎదురుగా నిలబడి సలాం చేశాడు. మెహరాజ్ కెమెరాను కొంచెం వీధివైపు తిప్పింది, బస్సు కదిలేదాకా అమ్మకు కనబడాలని.