ఎలుకల రాత్రి

తెల్లారకముందే గదిలో ట్యూబ్‌లైటు వెలిగింది. స్విచ్చి మీద చెయ్యి అత్త చెన్నమ్మది. "లెయ్ షాలినీ. వేకువ ప్రార్థనకు చర్చి అక్కోళ్లు వస్తాండారు. టీ పెట్టాల." పక్కన భర్త రాజశేఖర్ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. అతన్ని ఎవరూ లేపరు. పొద్దంతా అంగట్లో నిలబడే మనిషి. షాలిని కాలేజీలో కూర్చునే కదా వస్తుందని ఆ ఇంట్లో అందరి లెక్క.

వంటగదికి పోవాలంటే వెనక వసారా దాటాలి. రాజశేఖర్ పురుగుమందుల అంగట్లో పట్టని డబ్బాలన్నీ అక్కడే పేర్చి ఉంటాయి. ఆ వాసన ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. రాత్రిపూట ఏ రైతో వచ్చి తలుపు కొడితే, లేచి డబ్బా తీసిచ్చేదీ ఆమే. "నీకు మెలకువ తొందరగా వస్తాది గదా" అంటాడు రాజశేఖర్, అదేదో ఆమెకున్న కళ అన్నట్టు.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోవడం, దిగాక పాఠాలు చెప్పడం, మధ్యాహ్నం పరిశోధన గది. అక్కడ ఎలుకలన్నిటికీ క్యాన్సర్ గడ్డలు పుట్టించే రసాయనం ఒకటే, మోతాదు ఒకటే, మేత ఒకటే. తేడా అంతా వెలుగులోనే. మొదటి గదిలో చీకటి వేళకు వచ్చి వేళకు పోతుంది. రెండో గదిలో నడుమ నడుమ దీపం వెలిగించి ఆ చీకటిని చెడగొడతారు. గడ్డలు ముందు ఏ గదిలో కనబడతాయన్నదే ఆమె ప్రశ్న. ఇప్పటికి రెండో గదిలోనే ముందు కనబడుతున్నాయి. గట్టిగా చెప్పాలంటే ఇంకా కొన్నాళ్లు ఆగాలి.

తను పనిచేసే వేళకు ఎలుకలకు రాత్రి పడేలా మొదటి గది దీపాలను తిప్పిపెట్టుకుంది. ఆ రోజు అక్కడ, ఎలుకల కళ్లకు ఆనని మసక ఎర్ర బల్బు కింద బోనులు చూసుకుంటుంటే, సరుకు కోసం నంద్యాల వచ్చిన రాజశేఖర్, లైటు వేయొద్దని తలుపు మీద అంటించిన కాగితం చదవకుండానే లోపలికొచ్చి లైటు వేశాడు.

"చీకట్లో ఏం చేస్తాండావ్?"

"ఆర్పండి." ఆ గొంతు తనదేనా అనిపించింది షాలినికి. "లైటు ఆర్పండి."

అతను ఆర్పి, నవ్వాడు. "ఎలుకల నిద్ర చెడిందని ఇంత కోపమా? ఇంట్లో నాపైన ఒక్కనాడన్నా ఇట్ల అరిచినావా?"

"నిద్ర కాదు. వాటి రాత్రి."

ఒక్క నిమిషం వెలుగుకే ఏమైపోతుందన్నాడు. ఏమవుతుందో తెలియదు కాబట్టే ఆ బోనులను ఇక మొదటి గదివిగా రాసుకోవడానికి లేదని, నెలల పని పోయిందని ఆమె చెప్పలేదు. చెప్పే ఓపిక లేదు. ఇంటికొచ్చాక అతను ఆ ముచ్చట తల్లికి చెప్పి నవ్వుతుంటే, షాలిని గిన్నెలు తోముతూ వసారా వైపు చూసింది. ఈ ఇంట్లో మందు వాసన అందరికీ ఒకటే. కూడూ ఒకటే. రాత్రి మాత్రం తన ఒక్కదానిదే చెడింది. రెండో గదిలో ఎవరున్నారో ఇక ఎవరినీ అడగక్కర్లేదు. ఆ ఎలుకల కోసం నోరు తెరవగలిగినదాన్ని, నాకోసం ఒక్కసారీ ఎందుకు తెరవలేదు? అలసటలో చెయ్యి మాత్రం గిన్నె చుట్టూ తిరుగుతూనే ఉంది.

మరునాడు వేకువన మళ్లీ లైటు వెలిగింది. అత్త అదే మాట అని వెనుదిరిగింది. షాలిని లేవకుండానే పక్కనున్న దుప్పటి లాగింది.

"లెయ్యండి. అక్కోళ్లు వస్తాండారు. టీ పెట్టాల."

అతను అర్థం కాక కళ్లు నులుముకున్నాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

"పోతా పోతా లైటు ఆర్పండి."