తవుడు పోసి కొన్న పేరు

పెంటయ్య కూతురు విద్యావతికి వంశవృక్షం పిచ్చి పట్టింది. నాందేడ్‌లో కాలేజీ చదివే పిల్ల, డెబ్బై నాలుగులో ఎండాకాలం సెలవులకు సొంతూరు దెగ్లూర్ వచ్చి, కిరాణా దుకాణం మూయించి మరీ తండ్రిని తహసీల్ కచేరీకి లాక్కుపోయింది.

పాత జనన దఫ్తరులో పెంటయ్య లేడు. మరాఠీ గుమాస్తా వెతికి వెతికి, ఆమె తాత సుబ్బయ్య కొడుకంటూ ‘ఉకిర్డా’ అనే పేరు చూపించాడు.

"మావోడు కాదు," అని విద్యావతి మొహం ముడుచుకుంది.

పెంటయ్య పకపకా నవ్వాడు. "నేనే బిడ్డా! అప్పట్ల పుట్టుకలు రాసే పోలీసు పటేలు మరాఠీ ఆయన. పెంట అంటే ఏందని అడిగి, ఆళ్ల మాటల రాసుకున్నడు."

"గిట్లాంటి పేరు ఏ తల్లన్న పెడ్తదా నాయినా?"

ఆయన నవ్వు ఆగింది. "జెర మీది వరుసలు సదువు."

పైన సుబ్బయ్య పిల్లలు ఇంకా ముగ్గురున్నారు. పేర్లు లేవు. ప్రతి వరుస చివరా ‘మయత్’ అని ఉంది, పోయారని.

"నేను పుట్టంగనే మా అమ్మ నన్ను పెంట మీద పండవెట్టింది. పక్కింటామె ఎత్తుకుంటే, చాటెడు తవుడు పోసి మళ్ల కొనుక్కున్నది. పారేసినోడు అనుకొని సావు నన్ను ఇడిసిపెట్టిందట."

విద్యావతి తన కాగితం మీద సుబ్బయ్య కింద మూడు సున్నాలు చుట్టి, నాలుగోదాంట్లో పేరు రాయడం మొదలుపెట్టింది. తండ్రి వంగి చూశాడు.

"నీకు నామోషీ అయితే మంచి పేరేదన్న రాస్కో బిడ్డా."

"ఊకో నాయినా!" కళ్లు తుడుచుకుంటూ కసిరింది. "నాయినమ్మ తవుడు పోసి కొన్న పేరు. ఇంతకన్న మంచిది యాడ దొరుకుతది?"